కెమెరా ఆఖర్న కొనండి

ఇంటికి కెమెరాలు పెట్టించాలని అనుకోగానే అందరూ ముందు దుకాణానికి పోతారు. మీ కంప్యూటర్ లినక్స్ మీద నడుస్తుంటే ఆ పని చిట్టచివరికి పెట్టుకోండి. ముందు సాఫ్ట్‌వేర్ తేల్చుకోండి, తర్వాత వైరు లాగించండి, తర్వాత డిస్కు, అన్నీ అయ్యాక కెమెరా. నేను చెప్పేవన్నీ ఇలాగే తలకిందులుగా ఉంటాయి. ముందే కెమెరా కొనేసి, అది లినక్స్‌కు అందదని తెలిశాక ఫోన్ యాప్‌తో సర్దుకుపోతున్న ఇళ్లు చాలా చూశాను. అలా సర్దుకుపోవడం నాకు అసలు నచ్చదు. మన గుమ్మం చిత్రాన్ని మనం చూడటానికి ఎవరో కంపెనీ సర్వర్ అనుమతి ఎందుకు?

పెట్టె మీద లినక్స్ అన్న మాట కోసం వెతక్కండి. దాదాపు ఎవరూ రాయరు. విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్ పేర్లు వేసి ఊరుకుంటారు. అయినా దిగులు అక్కర్లేదు, ఆ కెమెరా లోపల నడిచేది కూడా చాలావరకు లినక్సే. వెతకాల్సినవి రెండు పేర్లు. ఒకటి ఆర్‌టీఎస్‌పీ. 1998లో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతిలో కెమెరా తన వీడియోను ఇంటి నెట్‌వర్క్‌లో ఏ ప్రోగ్రామ్ అడిగినా ఇస్తుంది. రెండోది ఆన్‌విఫ్. 2008లో యాక్సిస్, బాష్, సోనీ కలిసి మొదలుపెట్టిన ఉమ్మడి ప్రమాణం ఇది. దీనిలో ప్రొఫైల్ ఎస్ గానీ, హెచ్.265ను కూడా కలుపుకున్న ప్రొఫైల్ టి గానీ ఉంటే ఆన్‌విఫ్ తెలిసిన సాఫ్ట్‌వేర్ కెమెరాను తనంతట తానే వెతికి పట్టుకుంటుంది. బ్యాటరీతో నడిచే వైఫై కెమెరాల జోలికి పోకండి. ఛార్జింగ్ మిగుల్చుకోవడానికి అవి ఎక్కువసేపు నిద్రలో ఉంటాయి కాబట్టి ఆగకుండా స్ట్రీమ్ ఇవ్వలేవు.

కెమెరా కొనేటప్పుడు ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి పోతే దుకాణం నిండా సీసీటీవీ సామానే. అక్కడ "యాప్‌లో మస్తు కనవడ్తది సార్, ల్యాప్‌టాప్ ఎందుకు?" అని అడుగుతారు. "యాప్ సంగతి తర్వాత చూద్దాం అన్నా, ఆర్‌టీఎస్‌పీ లింకు చెప్పు" అనండి. కెమెరాకు కరెంటిచ్చి, దాన్నీ మీ ల్యాప్‌టాప్‌నూ ఒకే రూటరుకు కలపమనండి. వీఎల్‌సీ తెరిచి నెట్‌వర్క్ స్ట్రీమ్ అన్న చోట ఆ లింకు అతికించండి. బొమ్మ వచ్చిందా? అక్కడితో సంతోషపడకండి. రూటరుకు వచ్చే ఇంటర్నెట్ వైరు పీకించండి. ఓ ఐదు నిమిషాలు ఆగి, వీఎల్‌సీ మూసి మళ్లీ తెరవండి. అప్పుడూ బొమ్మ వస్తే ఆ కెమెరా మీది. రాకపోతే డబ్బు పెట్టి కొన్నా తాళంచెవి కంపెనీ జేబులోనే ఉంటుంది, ఎంత తక్కువ ధరకు ఇచ్చినా వద్దనండి. కొన్ని కెమెరాల్లో ఈ సౌకర్యం ఉన్నా మొదట కట్టేసి ఉంటుంది. ఉదాహరణకు టపో కెమెరాల్లో యాప్‌లోకి వెళ్లి కెమెరా అకౌంట్ అని వేరే యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. ఆ తర్వాత స్ట్రీమ్1 పేరుతో పెద్ద బొమ్మ, స్ట్రీమ్2 పేరుతో చిన్న బొమ్మ అందుతాయి.

మెగాపిక్సెళ్లు తగ్గించుకోండి, లెన్సు మీద పట్టుబట్టండి. తెలియని మనిషి ముఖాన్ని అనుమానం లేకుండా గుర్తించాలంటే అతను నిలబడ్డ చోట మీటరుకు 250 పిక్సెళ్లు పడాలని 2014 నాటి ఐఈసీ 62676-4 ప్రమాణం చెబుతుంది. 2 మెగాపిక్సెల్ కెమెరాకు అడ్డంగా ఉండేవి 1,920 పిక్సెళ్లు. 250తో భాగిస్తే 7.7 మీటర్లు. బొమ్మ వెడల్పు అంతకు మించిందంటే ముఖం పనికిరాదు. దుకాణంలో మామూలుగా చేతికిచ్చే 2.8 ఎంఎం లెన్సు చాలా వెడల్పుగా చూస్తుంది, సుమారు 3 మీటర్ల దూరానికే ఆ హద్దు దాటిపోతుంది. దాని బదులు 4కె కెమెరా కొన్నా 6 మీటర్లకు అటూ ఇటూ వస్తుంది. అదే 2 మెగాపిక్సెల్‌కు 6 ఎంఎం లెన్సు ఉంటే 7 మీటర్ల దాకా ముఖం దక్కుతుంది, డిస్కూ ప్రాసెసరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాయి. వాకిలంతా చూడటానికి వెడల్పు లెన్సు ఒకటి, గేటు దగ్గర ముఖం కోసం ఇరుకు లెన్సు ఒకటి. మామూలు ఇంటికి ఇంతకన్నా అక్కర్లేదు.

గేటు కెమెరాను కిందికి దించండి కూడా. ఎవరికీ అందకూడదని స్లాబు అంచున బిగిస్తారు, దానికి దొరికేది టోపీ, హెల్మెట్, నడినెత్తి. ఏడడుగుల ఎత్తు చాలు. చేత్తో తిప్పేస్తారని భయం ఉంటుంది, నిజమే. కానీ తిప్పడానికి దగ్గరికి రావాలి కదా, వచ్చిన మనిషి ముఖం అప్పటికే లోపలి కంప్యూటర్‌లో రికార్డయి ఉంటుంది. కెమెరాలోని మెమరీ కార్డును నమ్ముకుంటేనే ముప్పు.

కొత్త కంప్యూటర్ కొనకండి. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంటే దుమ్ము దులిపి డెబియన్ ఎక్కించండి. కరెంటు పోయినప్పుడు దాని బ్యాటరీయే యూపీఎస్. రోజంతా ఛార్జింగ్‌లో ఉంటే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది కాబట్టి ఛార్జింగ్ హద్దును 60 శాతానికి దించండి. థింక్‌ప్యాడ్ లాంటి చాలా ల్యాప్‌టాప్‌లలో లినక్స్ నుంచే ఈ హద్దు పెట్టుకోవచ్చు. బ్యాటరీ ఇప్పటికే ఉబ్బి ఉంటే మాత్రం ఆ యంత్రం వాడకండి. రూటరూ, కెమెరాలకు కరెంటు పంపే పీఓఈ స్విచ్చూ ఇన్వర్టర్ లైను మీద ఉన్నాయో లేదో చూసుకోండి. పీఓఈలో కరెంటు, వీడియో రెండూ ఒకే క్యాట్6 వైరులో పోతాయి, 100 మీటర్ల దాకా బెంగ లేదు. సున్నాలు వేసి రంగులు కొట్టాక గోడలు తవ్వే బాధ పడలేం కాబట్టే వైరును కెమెరా కన్నా ముందు పెట్టాను.

ఇక సాఫ్ట్‌వేర్. ఒకటి రెండు కెమెరాలకు, కదలిక కనిపిస్తే రికార్డు చేస్తే చాలనుకునేవారికి మోషన్ సరిపోతుంది. ఏళ్ల తరబడి నలిగిన జోన్‌మైండర్ ఇంకొంచెం పెద్ద ఏర్పాటుకు పనికొస్తుంది. కొబ్బరి మట్ట ఊగినా, పిల్లి దాటినా ఫోన్ మోగకూడదు, మనిషి వస్తేనే చెప్పాలి అనుకుంటే ఫ్రిగేట్ పెట్టుకోండి. నా ఓటు దానికే. డాకర్‌లో నడుస్తుంది, ఓపెన్‌వినో తోడుంటే ఇంటెల్ చిప్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌తో మనుషుల్ని గుర్తుపడుతుంది. వేరే గ్రాఫిక్స్ కార్డు కొనక్కర్లేదు. కెమెరా చిన్న స్ట్రీమ్‌ను గుర్తుపట్టే పనికి అప్పజెప్పండి, పెద్ద స్ట్రీమ్‌ను తిరిగి మార్చకుండా వచ్చింది వచ్చినట్టే డిస్కు మీద రాయించండి. పాత ల్యాప్‌టాప్ నాలుగు కెమెరాలను మోసేది ఈ ఒక్క ఏర్పాటు వల్లే.

కెమెరా సెట్టింగుల్లో హెచ్.265 ప్లస్, స్మార్ట్ కోడెక్ లాంటి పేర్లు కనిపిస్తే ఆపేయండి. జాగా మిగులుతుందని ఆశ పెడతాయి గానీ, అవి ఆయా కంపెనీల సొంత మార్పులు, బయటి సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ ముక్కలవుతుంది. జాగా ఎక్కువ తిన్నా పాత హెచ్.264నే పెట్టండి, దాదాపు ఏ బ్రౌజర్‌లోనైనా ఆడుతుంది. సెకనుకు 15 ఫ్రేములు చాలు. ఐ-ఫ్రేమ్ విరామాన్ని కూడా 15కే పెడితే సెకనుకో పూర్తి బొమ్మ వస్తుంది, క్లిప్పు కోరిన చోట తెగుతుంది.

జాగా లెక్క సులువు. 4 ఎంబీపీఎస్ స్ట్రీమ్ రోజుకు 43 జీబీ తింటుంది. నాలుగు కెమెరాలంటే 1 టీబీ డిస్కు ఆరు రోజులు కూడా రాదు. నెలంతా దాచాలని పెద్ద డిస్కులు కొనకండి. ఖాళీ వాకిలిని నెలరోజులు దాచి ఏం చేసుకుంటాం? అంతా కలిపి మూడు రోజులు, మనిషి కనిపించిన ముక్కలు మాత్రం నెల రోజులు ఉంచేలా ఫ్రిగేట్‌లో రాసుకోవచ్చు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పే సలహా, కెమెరాకు ఇంటర్నెట్ ఇవ్వకండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను వశం చేసుకుంది. ఆ అక్టోబరు 21న వాటితోనే, వెబ్‌సైట్ల చిరునామాలు చూపే డిన్ అనే సంస్థ మీద దాడి జరిగితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి అందకుండా పోయాయి. ఆ కెమెరాల యజమానులకు తమ ఇంటి నుంచి దాడి జరుగుతోందని తెలియనే తెలియదు. మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు, మంచి పని. అయినా పరీక్ష దాటిన కెమెరాను కూడా బయటికి పోనివ్వకండి. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ ఈథర్‌నెట్ ముక్క ఒకటి తగిలించి కెమెరాల స్విచ్చును దానికే కలపండి, ఇంటి రూటరుకు ల్యాప్‌టాప్ సొంత నెట్‌వర్క్ దారి వాడండి. రెంటి మధ్యా రాకపోకలు తెరవకండి. కెమెరాలకు ఇక గడియారం సరిచేసుకునే దారి ఉండదు కాబట్టి ల్యాప్‌టాప్‌లో క్రోనీ పెట్టి టైము అక్కడి నుంచే ఇప్పించండి. ఊరెళ్లినప్పుడు చూడాలంటే పోర్టు ఫార్వర్డింగ్ చేయకండి, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వాడండి. మన బ్రాడ్‌బ్యాండ్‌లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, అలాంటి చోట టెయిల్‌స్కేల్ దారి చూపిస్తుంది.

ఎదురింటి గుమ్మం, పక్కింటి కిటికీ బొమ్మలో పడుతుంటే ఆ భాగాన్ని కెమెరా మాస్క్‌తోనే నల్లగా కప్పేయండి. వాళ్లు అడిగేదాకా ఆగకండి.

ఏదైనా జరిగి పోలీసులకు వీడియో ఇవ్వాల్సి వస్తే, వాట్సాప్‌లో పంపడానికి కత్తిరించే ముందు అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. లినక్స్‌లో షా256సమ్ అని కొట్టి ఫైలు పేరిస్తే క్షణంలో వస్తుంది. ఆ విలువనూ, తేదీ, టైమునూ ఓ కాగితం మీద రాసి, పెన్‌డ్రైవ్ ఇచ్చేటప్పుడు ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. సర్టిఫికెట్ నింపేటప్పుడు ఏ కెమెరా, ఏ కంప్యూటర్, సీరియల్ నంబరెంత అని కూడా అడుగుతారు, కాబట్టి కొన్న రోజే బిల్లుతో పాటు అవీ రాసి పెట్టుకోండి.