క్లిప్‌బోర్డు పెద్దాయన

వెర్మాంట్ రాష్ట్రంలో చాలా చిన్న ఊళ్ళకి పంచాయతీ చెత్తబండి రాదు. శనివారం పొద్దున్నే ఎవరి చెత్త వాళ్ళు కార్లో వేసుకుని ఊరి డంపుకి పట్టుకెళ్ళాల్సిందే. క్లిప్‌బోర్డు పెద్దాయన సరిగ్గా అక్కడే కాపు కాస్తాడు. పోస్టాఫీసు దగ్గరైతే జనం ఫోను చెవిన పెట్టుకుని జారుకుంటారు. ఇక్కడ రెండు చేతులా సంచులు, వెనకాల కార్ల వరస. ఎక్కడికని పోతారు?

"ఒక్క విషయంలో మీ అభిప్రాయం కావాలండీ" అంటాడు మెత్తగా. అభిప్రాయానికి కాణీ ఖర్చు లేదు కదా అని చెప్పేస్తాం. "ఆహా, ఎంత బాగా చెప్పారు! అయితే ఆ పని మీరే చూసుకోవాలి" అని బోర్డు ముందుకు చాపుతాడు. పెన్ను దానికే దారంతో కట్టి ఉంటుంది. పెన్ను లేదని తప్పించుకునే దారి అలా మూసేశాడు.

వయసు డెబ్బై దాటింది. గళ్ళ ఫ్లానెల్ చొక్కా, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఏం చేసేవాడో ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. రిటైరయ్యాకే అసలు కొలువు మొదలైంది. లైబ్రరీ ట్రస్టీ ఆయనే, శ్మశానాల కమిషనరూ ఆయనే. అంటే ఊళ్ళో చదివేవాళ్ళ దగ్గర్నుంచి ఇక చదవలేనివాళ్ళ దాకా అందరూ ఆయన పర్యవేక్షణలోనే ఉన్నారన్నమాట. లైబ్రరీ పాత పుస్తకాల అమ్మకానికి ప్రతి ఇంటి నుంచీ నేషనల్ జియోగ్రాఫిక్ పసుపుపచ్చ అట్టలు కట్టలు కట్టలుగా వస్తాయి. వాటిని కొనే నాథుడు లేడు. మిగిలిన కట్టలన్నీ ఆయన కొట్టాంలోకే చేరతాయి, మర్యాదకి.

జూలై 4 ఊరేగింపు ఆయన చేతి మీదుగానే నడుస్తుంది. ఊరంతా ఊరేగింపులోనే ఉంటే చూసేదెవరని అడక్కండి, ఆయనకి కోపం వస్తుంది. ఫైరింజన్లు, ట్రాక్టర్లు, పిల్లల సైకిళ్ళు ఏ వరసలో పోవాలో కాగితం మీద గీసి ఉంచుతాడు. గుర్రాలు మాత్రం అన్నిటికన్నా ఆఖర్న. ఒక ఏడాది బడి బ్యాండు ముందు గుర్రాల్ని నడిపించారట. ట్రాంబోను పిల్లవాడు పైకి చూస్తూ ఊదుకుంటూ అడుగేశాడు. ఆ తర్వాత కథ పెద్దాయన చెప్పడు, కాగితం మీద "గుర్రాలు" కింద రెండు గీతలు మాత్రం గీస్తాడు.

ఇన్నిటిలోనూ ఆయన ప్రాణం మాత్రం మార్చిలో వచ్చే పాన్‌కేక్ ఫలహారం మీదే. మేపుల్ చెట్లు కారే కాలం అది. దాదాపు 40 గ్యాలన్ల రసం మరిగిస్తే ఒక్క గ్యాలన్ పాకం దిగుతుంది. ఫైర్ స్టేషన్లోంచి బండ్లు బయటికి, బల్లలు లోపలికి. మంటలార్పాల్సిన వాలంటీర్లే ఆ పూట పొయ్యిలు రాజేస్తారు. పెద్దాయన అట్లకాడ పట్టుకుని పెనం వెనకాల నిలబడతాడు. పైన బుడగలు లేచి అంచు ఆరేదాకా పాన్‌కేక్ ముట్టుకోకూడదు, తిప్పితే ఒక్కసారే తిప్పాలి, పైనుంచి నొక్కడం మహాపాపం. రెండోసారి తిప్పినవాణ్ణి బల్లలు తుడవడానికి పంపేస్తాడు. అవతల మంచు మీద వేడి పాకం పోసి, డోనట్టుతోనూ పుల్లటి దోసకాయ ఊరగాయతోనూ ఇస్తారు. విని మొహం చిట్లించకండి. ఉగాది పచ్చడి తిన్న నోటికి ఇదో లెక్కా?

మార్చి మొదటి మంగళవారం ఊరి సభ. మధ్యాహ్నం భోజనానికి తలో వంటకం తేవాలి. స్వేచ్ఛ ఇస్తే అందరూ కేకులే తెస్తున్నారని ఆయన ఇంటిపేర్లని బట్టి పంచాడు: ఏ నుంచి హెచ్ దాకా సలాడ్లు, ఐ నుంచి పీ దాకా కూరలు, మిగిలినవాళ్ళు తీపి. కొత్తగా దిగిన తెలుగావిడ ఇంటిపేరు వీ తో మొదలైంది, ఆవిడ చేద్దామనుకున్నది పులిహోర. పెద్దాయన తలగోక్కుని, "మీ సొంత పేరు ఏ తోనే కదా" అని పులిహోరని సలాడ్లలో రాసుకున్నాడు. గిన్నె అన్నిటికన్నా ముందు ఖాళీ అయింది, ఏ వరసలో ఉందన్నది ఎవరూ చూడలేదు.

1943లో అచ్చయిన నార్మన్ రాక్‌వెల్ బొమ్మ ఒకటుంది, 'భావప్రకటనా స్వేచ్ఛ' అని. వెర్మాంట్‌లోనే ఆర్లింగ్టన్ ఊరి సభలో, కొత్త బడి కట్టొద్దని ఒంటరిగా లేచి మాట్లాడిన పొరుగువాణ్ణి చూసి వేశాడు. అందరూ ఆ నిలబడ్డవాణ్ణే చూస్తారు. ఆ బెంచీలు ఎవరు వేశారని అడిగేవాడు మన పెద్దాయన ఒక్కడే.

సభ నడిచేది రాబర్ట్స్ రూల్స్ ప్రకారం. హెన్రీ రాబర్ట్ అనే సైనిక ఇంజనీరు ఒక చర్చి సమావేశాన్ని అదుపు చేయలేక, ఆ పరాభవంతో చదివి చదివి 1876లో ఆ పుస్తకం అచ్చేశాడు. పెద్దాయనకి అది కంఠోపాఠం. మట్టి రోడ్లకి కంకర ధర మీద గంటసేపు కొట్టుకున్నాక, ఆఖర్న "ఇతర విషయాలు" వచ్చాయి. ఆయన లేచాడు. "ఈ ఏటితో పాన్‌కేకులు మానేస్తున్నాను." ఏటా అనే మాటే. పోయినసారి ఒక కుర్ర జంట నిజమేననుకుని ముందుకొచ్చింది కూడా. పాపం, పిండి కలుపుతున్నంతసేపూ ఆయన వాళ్ళ భుజాల వెనకే ఊపిరి పీలుస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు వాళ్ళు డంపుకి మధ్యాహ్నం పూట వెళుతున్నారు.

ఈసారి మాత్రం పద్ధతిగా తీర్మానమే పెట్టాడు. "సమర్థించేవాళ్ళెవరు?" అన్నాడు సభ నడిపే ఆయన. స్వెట్టర్లు అల్లుకుంటున్నవాళ్ళు కుట్లు లెక్కపెట్టుకోవడంలో పడిపోయారు. మిగతావాళ్ళకి అప్పుడే బూట్ల తాళ్ళు ఊడాయి. మళ్ళీ అడిగాడు. లేదు.

"సమర్థన లేదు కాబట్టి తీర్మానం చర్చకి రాదు."

"రూలు రూలే" అన్నాడు పెద్దాయన. మొహంలో బాధ వెతికినా దొరకలేదు. కూర్చుని, గుడ్లు ఎన్ని డజన్లు చెప్పాలో పక్కవాడి చేత అప్పుడే లెక్క రాయించడం మొదలుపెట్టాడు.