అరకిలో బావ

మా బావ ఫోన్ చేసి “ఒరేయ్, ఇంకోటి కనిపెట్టాన్రా” అన్నాడంటే నేను ముందు పొయ్యి మీద పాలు దించేసుకుంటాను. ఇరవై నిమిషాలకి తగ్గదు. కిందటి వారం కనిపెట్టింది: భోంచేసిన వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు, గంట ఆగాలి. అంతకు ముందు వారానిది: ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే ఆ ఇనుమే బాగా పడుతుంది. రెండూ నిజమే. ఆయన కనిపెట్టేవి చాలామటుకు నిజాలే కావడం నా ఖర్మ. అబద్ధాలైతే ఒకసారి పోట్లాడి ఊరుకునేవాణ్ని.

ఆయన శ్రీకాకుళంలో లెక్కల మాస్టారు. వయసు 54, బరువు 78. రెండేళ్ల కిందట డాక్టరు “షుగరు గుమ్మంలో ఉంది, కాస్త ఒళ్లు కదపండి” అన్నాడు. ఇంకొకరైతే పొద్దున్నే నడిచి, ఇడ్లీ తిని ఇంటికొస్తారు. ఈయన “కోడి రామ్మూర్తి పుట్టిన జిల్లాలో ఉండి నడకేవిట్రా, పరువు తక్కువ” అని జిమ్‌లో చేరాడు. ఆ మల్లయోధుడు పుట్టిన వీరఘట్టం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయింది బావా అంటే, “జిల్లా మారితే కండ మారుతుందా?” అన్నాడు.

చేరిన నెలకే పప్పు మీద పడ్డాడు. మా అక్క వంద గ్రాముల కందిపప్పుతో నలుగురికి పప్పు చేస్తుంది. అందులో ప్రొటీన్ 22 గ్రాములు, మనిషికి అయిదున్నర. కోడిగుడ్డులో ఆరుంటుంది. “ఏభై ఏళ్లుగా పప్పన్నం తింటున్నాననుకున్నాన్రా. తిన్నది తాలింపు పెట్టిన నీళ్లు!” మా అక్క లోపలినుంచి అంది: “ఆ నీళ్లు తాగే ఇంత నోరొచ్చింది.” హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనిషి బరువులో కిలోకి 0.83 గ్రాముల ప్రొటీన్ చెప్పింది కదా, 78తో హెచ్చవేసి, బరువులెత్తేవాడికి దాన్ని దాదాపు రెట్టింపు చేసి, జవాబు ఫ్రిజ్ తలుపు మీద అంటించాడు. మావాళ్లు దాన్ని కరెంటు బిల్లనుకున్నారు.

ఇక నా సొంత కక్ష. మా గృహప్రవేశం భోజనాల్లో వడ్డించే కుర్రాణ్ని ఆపి “అడుగునుంచి వెయ్యి నాయనా” అన్నాడు. ఆ మాట మన పంక్తిలో అందరూ అంటారు, సర్దుకున్నాం. తరవాత జేబులోంచి బుల్లి కాటా తీసి, మా వియ్యాలవారి ఎదురుగా నా బొబ్బట్టు తూచాడు. “శనగపప్పు కంటే బెల్లమే ఎక్కువుందిరా” అని పంక్తి చివరిదాకా వినబడేలా తీర్పిచ్చాడు. రెండు నెలలు మాట్లాడలేదు నేను.

అయితే ఆయన కనిపెట్టినవాటిలో గొప్పది ఒకటుంది, ఒప్పుకోవాలి. వాళ్ల జిమ్‌లో అన్నిటికంటే చిన్న బిళ్ల రెండున్నర కిలోలది. కడ్డీకి అటొకటి ఇటొకటి వేస్తే ఒకేసారి అయిదు కిలోలు పెరుగుతుంది. 40 ఎత్తేవాడికి 45 గోడలా నిలబడుతుంది. నాలుగు నెలలు ఆ గోడకి తల కొట్టుకున్నాక, మూతబడిన వాళ్ల నాన్న కిరాణా కొట్టు గుర్తొచ్చింది. మర్నాడు క్యారియర్ సంచిలో రెండు అరకిలో తూకం రాళ్లు పట్టుకెళ్లి, కడ్డీకి చెరో చివరా నాడాతో కట్టాడు. 41! కుర్రాళ్లు నవ్వారట. “తూనికల శాఖ ముద్ర ఉన్న బరువు ఈ జిమ్‌లో నాదొక్కటే” అని వాళ్లనే దబాయించాడు. పైగా చేతులు జారకుండా బడినుంచి సుద్దముక్క తెచ్చి పులుముకున్నాడు. బడి సుద్ద పనికిరాదని, వాళ్లు వాడేది మెగ్నీషియం కార్బొనేట్ అని తేలడానికి ఇంకో వారం, నాకు ఇంకో ఫోనూ.

ఆ 41 నాడే ఆయనకి కరణం మల్లీశ్వరి గుర్తొచ్చింది. 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చిన మన సిక్కోలు అమ్మాయి. “వారానికి కిలో. 89 వారాల్లో 130కి చేరతాన్రా.” ఆవిడ తలమీదికెత్తింది బావా, నువ్వు నేలమీంచి తొడలదాకా ఎత్తుతున్నావు అన్నాను. కాసేపు చప్పుడు లేదు. “అది వేరే కనిపెట్టాలి” అన్నాడు.

మధ్యలో మోకాలు పట్టేసింది, పెళ్లిళ్లొచ్చాయి, పదో తరగతి పరీక్షల డ్యూటీ పడింది. ఇప్పుడు 47 దగ్గరున్నాడు. షుగరు మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేదు. మొన్న పండక్కి గ్యాస్ సిలిండరు ఒక్కడే మోసుకొచ్చాడు, మా అక్క చూడనట్టే చూసింది.

ఇంతా రాశాక దాచడమెందుకు. పోయిన ఏడాది నుంచి నేనూ విశాఖలో ఓ జిమ్‌కి వెళ్తున్నాను. టీ గంట ఆగి తాగుతున్నాను. పప్పు అడుగునుంచే వేయించుకుంటున్నాను. నా సంచిలోనూ తూకం రాళ్లున్నాయి, కాకపోతే ఇరువైపులా రెండు వందల గ్రాముల రాయొకటి, ఏభైది ఒకటి. నిన్నటికి నాది 47న్నర. ఈ అరకిలో సంగతి మా అక్క చెవిన మాత్రం వెయ్యకండి.