ఫస్ట్‌పేజీ సారు

కావలి నుంచి కృష్ణపట్నం దాకా నెల్లూరు తీరంలో ఏ వ్యాపారం పెట్టినా ఇప్పుడు ఇద్దరు తప్పకుండా తగులుకుంటారు. ఒకరు ఆడిటరు, రెండోవాడు ఫస్ట్‌పేజీ సారు. ఆడిటరు ఎంత పన్ను కట్టాలో చెప్పి భయపెడతాడు. సారు గూగుల్లో మన పేరు ఏ పేజీలో పడి ఉందో చెప్పి భయపెడతాడు. వయసు ముప్పై లోపే. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, మెడలో ఏ కంపెనీదో చదవడానికి వీల్లేకుండా తిరగేసి వేలాడే ఐడీ కార్డు. మైపాడులో రిసార్టు కట్టినవాళ్లు, చేపల పులుసు పార్శిల్ పంపే హోటలువాళ్లు, రొయ్య పిల్లలమ్మే హేచరీవాళ్లు, అందరికీ ఆయన చెప్పే మంత్రం ఒక్కటే: "అన్నా, మూడు నెలల్లో ఫస్ట్ పేజీ. గ్యారంటీ." మూడు నెలలు కాగానే వచ్చి ఫోన్ తీయమంటాడు. "మీ షాపు పేరు కొట్టండన్నా." అన్న కొడతాడు. పేరు పైనే ఉంటుంది. "ఏంది సారూ, నిజంగానే మనదే పైనుండాది!" అని అన్న ముఖం వెలిగిపోతుంది, చెక్కు చేతులు మారుతుంది. సారుని మోసగాడని తిట్టి ఊరుకోవడం తేలిక. కానీ ఆయన ఇచ్చిన మాట తప్పలేదు కదా. యజమాని తన పేరు తాను వెతుక్కుని మురిసిపోయే సంతోషాన్ని అమ్మాడు, డబ్బిచ్చినవాడికి అది దక్కింది. దక్కనిది గిరాకీ ఒక్కటే.

ఆ ఫోన్ పరీక్షలోనే ఉంది కిటుకంతా. దగ్గర్లోని దుకాణాలను వరుస పెట్టడానికి తాను చూసేవి ముఖ్యంగా మూడని గూగులే చెబుతుంది: అడిగినదానికి ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. సొంత దుకాణంలో కూర్చుని, సొంత ఫోన్లో, సొంత పేరు కొడితే ఈ మూడింటికీ ఎదురేముంది? ఆ పరీక్షలో తప్పాలంటేనే కష్టపడాలి. కానీ కొనేవాడికి మన పేరే తెలియదు, వాడు వెతికేది తన అవసరాన్ని. హైదరాబాదులో ఉన్నవాడు 'నెల్లూరు చేపల పులుసు పార్శిల్' అని కొడతాడు. గుంటలో రొయ్యలు పట్టించబోయే రైతు 'ఈరోజు వనామీ 50 కౌంట్ రేటు' అని కొడతాడు. ఆదివారం పిల్లల్తో బయల్దేరే ఇల్లాలు 'మైపాడు బీచ్ రూములు భోజనం' అని కొడుతుంది. ఇంతా వెతికి మన వెబ్‌సైటుకొస్తే కనబడేదేమిటి? 'నాణ్యతే మా ఊపిరి', 'మీ నమ్మకమే మా పెట్టుబడి', శాలువా కప్పుకున్న వ్యవస్థాపకుడి ఫొటో. పులుసు ఎన్నిరోజులు నిలవుంటుందో, గది అద్దెలో భోజనం కలిసుందో లేదో ఎక్కడా ఉండదు. అద్దె పెట్టమంటే, పక్క రిసార్టువాడు చూస్తాడని భయం. పక్కవాడు చూడకుండా ఊరంతా చూడాలంటే గూగులైనా ఏం చేస్తుంది పాపం!

సారు అమ్ములపొదిలోని అస్త్రాలు కూడా పురావస్తుశాఖకు అప్పగించాల్సినవే. మొదటిది కీవర్డ్ ట్యాగు. వచ్చినవాళ్ల కంటికి కనబడకుండా పేజీ వెనక రాసే పదాల జాబితా అది. వరుస పెట్టేటప్పుడు దాన్ని తాము లెక్కలోకి తీసుకోమని గూగుల్ 2009 సెప్టెంబరులోనే బాహాటంగా చెప్పేసింది. మన దేశంలో వనామీ సాగుకు అనుమతి దొరికింది కూడా ఆ ఏడాదే. తీరంలో టైగర్ రొయ్య వెనకబడి వనామీ రాజ్యమేలడం మొదలై ఇన్నేళ్లయినా, సారు బిల్లులో కీవర్డ్ ట్యాగుల పద్దు కదల్లేదు. రెండో అస్త్రం ఊరికో పేజీ. ఒకటే రాత, ఊరి పేరు మాత్రం మారుతుంది: ఇందుకూరుపేటలో బెస్ట్ బీచ్ రిసార్ట్, ముత్తుకూరులో బెస్ట్ బీచ్ రిసార్ట్, ఆ ఊపులో ఉదయగిరిలో బెస్ట్ బీచ్ రిసార్ట్. ఉదయగిరిలో ఉన్నది కొండ, కొండమీద కోట. సముద్రాన్ని అక్కడికి రప్పించడం పూర్వం ఏ రాజుకూ సాధ్యంకాలేదు, సారు మాత్రం కంట్రోల్ సి, కంట్రోల్ వితో సాధించాడు. ఇలాంటి దొంగవాకిలి పేజీలు పెట్టినందుకే 2006లో బీఎండబ్ల్యూ వారి జర్మనీ వెబ్‌సైటును గూగుల్ తన జాబితాలోంచి కొన్నాళ్లు తీసేసింది. కార్ల కంపెనీకే తప్పనిది కొరమేను కంపెనీకి తప్పుతుందా?

మూడో అస్త్రం కొన్న లింకులు, నాలుగోది కొన్న పొగడ్తలు. ఏ దేశానివో తెలియని జూదపు సైట్లలో మన హేచరీ పేరు వేయించి 'అథారిటీ పెరిగిందన్నా' అంటాడు. హేచరీకి అయిదు నక్షత్రాలిచ్చి 'రూమ్ సర్వీస్ అద్భుతం, మళ్లీ కుటుంబంతో వస్తాం' అని రాయిస్తాడు. రొయ్య పిల్లలు కుటుంబంతో వచ్చి దిగే చోటే అనుకోండి, అది వేరే సంగతి. 2011లో పాండా, 2012లో పెంగ్విన్ అనే మార్పులతో గూగుల్ పసలేని పేజీలనూ అంగడి లింకులనూ కిందికి తోసింది. దొంగ రివ్యూలకు కళ్లెం వేయాలని మన భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణమే తెచ్చింది. ఇవన్నీ సారుకి తెలియవనుకోకూడదు. బాగా తెలుసు, వాటిని వాడుకునేది సంజాయిషీలకు. గుంట గట్టు మీద మందులమ్మే కన్సల్టెంటు పంట బాగా వస్తే తన ప్రోబయోటిక్ మహిమంటాడు, గుంట పోతే వైట్‌స్పాట్ రోగం అంటాడు. సారూ అంతే. ర్యాంకు పెరిగితే తన పనితనం, పడిపోతే 'గూగుల్ అప్‌డేట్ వచ్చిందన్నా'.

ఇక్కడ సారు తరఫు వాదన కూడా వినాలి. వెబ్‌సైటుకు సాంకేతికమైన పని అసలే అవసరం లేదా? ఉంది. సైటు కట్టేటప్పుడు 'సెర్చ్ ఇంజిన్లకు కనబడొద్దు' అనే గడిలో పెట్టిన టిక్కు తీయడం మరిచి, ఏళ్ల తరబడి కనబడకుండా పోయిన సైట్లున్నాయి. హోటలు మెనూ మొత్తాన్ని ఒక్క బొమ్మగా పెడితే అందులో పులుసుందో పలావుందో గూగుల్ పోల్చుకుంటుందన్న నమ్మకం లేదు. డీటీపీ సెంటర్లో పాత అను ఫాంటులో కొట్టించిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చకుండా ఎక్కిస్తే, మన కంటికి తెలుగే గానీ యంత్రానికి పిచ్చిగీతలు. ఫోన్లో తెరుచుకోవడానికి సైటు ఆపసోపాలు పడితే వచ్చినవాడు వెనక్కి పోతాడు. ఈ మరమ్మతులు తెలిసిన మనిషికి డబ్బివ్వడం న్యాయమే. అయితే ఇవి నెలనెలా అద్దెలా కట్టాల్సిన పనులు కావు. గూగుల్‌కు మన సైటు ఎలా కనబడుతోందో, జనం ఏ మాట కొట్టి వస్తున్నారో చూపించే సెర్చ్ కన్సోల్ ఉచితం. మ్యాపులో దుకాణం వివరాలు పెట్టుకునే బిజినెస్ ప్రొఫైల్ కూడా ఉచితమే. మొదటి స్థానానికి ఎవరూ పూచీ ఇవ్వలేరనీ, కొన్ని మార్పుల ఫలితం కనబడటానికి నెలలు పడుతుందనీ గూగులే రాసిపెట్టింది. అదొక్కటి చదివినా సారు నోట 'గ్యారంటీ' అన్న మాట రాగానే కాఫీ ఇచ్చి పంపేయొచ్చు.

ఇంకో ఆక్షేపణ గట్టిదే. పెద్ద బుకింగ్ కంపెనీలు పైన తిష్ఠవేసుకుంటే మైపాడు రిసార్టువాడు ఎన్ని వివరాలు రాసి ఏం లాభం? 'నెల్లూరులో హోటళ్లు' అన్న ప్రశ్న దగ్గర వాటిని కదిలించలేడు, నిజమే. కానీ వాటికి తెలియనివి అతనికి తెలుసు. అలలు ఏ నెలల్లో ఉధృతంగా ఉంటాయి, ఏ వైపు దిగితే ప్రమాదం, బస్సు ఆఖరిది ఎప్పుడు అన్నవి ఏ బెంగళూరు ఆఫీసూ రాయలేదు. హేచరీవాడైతే తల్లిరొయ్యలు ఎక్కడివి, పిల్లకు రోగం లేదని పీసీఆర్ పరీక్ష చేయించాడా, ఎంత ఉప్పుదనానికి అలవాటు చేసి ఇస్తాడు, కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ నంబరెంత అన్నవి తెలుగులో పెడితే, రైతు ఫోన్ చేసి అడిగేవన్నీ పేజీలోనే దొరుకుతాయి. తూపిలిపాళెం తీరాన గదులున్నవాడికి ఇంకో తిరకాసు. 2022 ఏప్రిల్లో ఆ ఊరున్న వాకాడు మండలం తిరుపతి జిల్లాలోకి పోయింది, జనం నోట మాత్రం అది నెల్లూరు బీచే. చిరునామాలో తిరుపతి రాసి, దారి చెప్పేటప్పుడు నెల్లూరు నుంచి ఎలా రావాలో రాస్తే, తిరుపతి అని వెతికేవాడికీ నెల్లూరు అని వెతికేవాడికీ దొరుకుతాడు. ఇది కనిపెట్టడానికి అల్గారిథం అక్కర్లేదు, ఫోనెత్తి గిరాకీతో మాట్లాడే గుమాస్తా చాలు.

మరి ఇంత సులువైతే అన్న ఇంకా సారుకే ఎందుకిస్తాడు? గుమాస్తాను కూర్చోబెట్టి రాయించాలంటే తానూ కూర్చోవాలి, ధరలు బయటపెట్టాలి, రేటు మారినప్పుడల్లా మార్చాలి, గిట్టని రివ్యూకు కోపం దిగమింగి జవాబివ్వాలి. సారుకైతే డబ్బిస్తే చాలు. ఈ బలహీనత ఉన్నంతకాలం ఆయన గిరాకీకి లోటు రాదు. కృత్రిమ మేధ వచ్చి గూగులే జవాబులు చెప్పేస్తోంది కాబట్టి ఆయన పని అయిపోయిందని కొందరంటున్నారు. ఆ జవాబుల్లో కనబడటానికి వేరే ప్రత్యేక విద్య ఏమీ అక్కర్లేదని, మామూలు మంచి పద్ధతులే చాలునని గూగుల్ 2025లో చెప్పింది కూడా. సారు దాన్నీ చదివాడు. పాత విజిటింగు కార్డులో ఎస్ఈఓ (సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్) మీద జీఈఓ (జెనరేటివ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్) అని స్టిక్కరు అంటించి, 'చాట్‌బాట్ నోట మీ పేరు, మూడు నెలల్లో' అని తిరుగుతున్నాడు. పరీక్ష మాత్రం మారలేదు. యజమాని ఫోన్లోనే, యజమాని పేరే కొట్టాలి.