నెలలు నిండిన ఇంటికి పెద్దమ్మ సలహాలు

మా చుట్టుపక్కల ఏ అమ్మాయికి తొమ్మిదో నెల వచ్చినా ముందు నాకే కబురొస్తుంది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఈసారి రాసిపెడుతున్నాను.

ముందు పంతులుగారిని కలవండి. డాక్టరమ్మను తర్వాత కలవొచ్చు. మూలా నక్షత్రంలో పుడతాడేమోనని బెంగపడే కన్నా, పంచాంగం చూపించి గంటా నిమిషమూ రాయించుకుని, ఆ చీటీని స్కానింగ్ రిపోర్టుల మీద పెట్టండి. మా వీధిలో ఒకాయన మనవడికి తెల్లవారుజామున నాలుగూ పదికి కుదిరింది ముహూర్తం. మత్తు డాక్టరు ఆవలిస్తూ వచ్చాడు, పిల్లాణ్ణి తీశారు, తాతగారు గడియారం చూసుకుని మురిసిపోయారు. పిల్లాడు మాత్రం మూడు రోజులు అద్దాలపెట్టెలో ఎగశ్వాసతో తంటాలుపడ్డాడు. 39 వారాలు నిండకుండా కోసి తీస్తే ఊపిరికి ఆ ఇబ్బంది ఎక్కువట. అయితే ఏం, జాతకం దివ్యంగా ఉంది.

"పేగు మెడలో వేసుకుంది" అన్నారా? ఇంకో ప్రశ్న వేయకుండా సంతకం పెట్టేయండి. నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి అలా చుట్టుకునే ఉంటుందనీ, చాలామంది మామూలుగానే పుడతారనీ పక్కనున్న నర్సు గొణుగుతుంది. నర్సు మాట ఎవరు వింటారు?

పెద్దాపరేషన్ అంటే భయపడే కాలం పోయింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు కోతతోనే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81. ఆంధ్రా వియ్యంకులు నొచ్చుకోకండి, మీరూ 42 దాకా వచ్చారు. పదీ పదిహేను శాతం దాటక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే అంది. పెళ్లిభోజనంలో పదిహేను రకాలు చాలంటే మనం ఊరుకుంటామా? మాయ అడ్డం పడ్డప్పుడు, బిడ్డ అడ్డం తిరిగినప్పుడు ఆ కత్తే తల్లినీ బిడ్డనూ నిలబెడుతుంది. అది నేనూ ఒప్పుకుంటాను. అంత మంచి వస్తువును కొందరికే ఉంచుకోవడం ఏం మర్యాద? మొదటిసారి కోస్తే రెండోసారీ కోతే అనేస్తారు గనక ఆ ఆలోచన కూడా తప్పుతుంది. కుట్టిన చోట మాయ అతుక్కుపోయే ప్రమాదం ఆపరేషన్ ఆపరేషన్‌కూ పెరుగుతుందంటారు. అది అత్తింటివాళ్ల ఖర్చు. మొదటి కాన్పు వరకే పుట్టింటిది.

ఒకవేళ ప్రారబ్ధం చాలక మామూలు కాన్పుకే సిద్ధపడ్డారనుకోండి. పిల్లను లేబర్ రూములోకి పంపి తలుపు వేయించండి. తల్లి బయట, మొగుడు మెట్ల మీద. కాన్పు వేళ ఆడతోడు ఒకరు దగ్గరుండొచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది కానీ, ఆ సంగతి ఆయాకు చెప్పి లాభం లేదు. ఇనప మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతికి సెలైన్ తగిలించి, లేచి నడవనివ్వకుండా చూసుకుంటే సగం పని అయినట్టే. అరిస్తే "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకే" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాట వినకుండా మన ఊళ్లో ఎంతమంది తల్లులయ్యారో నాకైతే తెలీదు. ఇక గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోకపోతే థియేటరుకు తోలేయండి. అందరికీ ఆ లెక్క కుదరదని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థే అంది కానీ, డ్యూటీ మారే వేళకు దానితో పనేముంది?

మంత్రసానుల్ని ఎప్పుడో తరిమేశాం. మళ్లీ 2017లో కరీంనగర్ ప్రభుత్వాస్పత్రిలో ముప్పై మంది నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టారు. నొప్పులు పడే పిల్ల పక్కనే ఉండి, నడుము రాసి, నడిపించి, కూర్చోబెట్టి కాన్పు చేయించడం వాళ్ల చదువు. చిత్రమేమిటంటే ఆ సర్వేలో నూటికి 80 దాటి కోతలు తేలిన జిల్లా కూడా కరీంనగరే. ఆ ముప్పై మందితో అంత పెద్ద వ్యాపారానికి వచ్చే నష్టమేమీ లేదు. మీరు కంగారుపడకండి.

పాడేరు కొండల మీది ఆడపిల్లలకు నేను చెప్పేదేం లేదు. అక్కడ ముహూర్తమూ లేదు, థియేటరూ లేదు. వెదురు బొంగుకు దుప్పటితో డోలీ కట్టి, అందులో గర్భిణిని వేసుకుని ఇద్దరు మోస్తారు, ఇంకో ఇద్దరు భుజం మార్చుకోవడానికి వెంట నడుస్తారు. వాగు పొంగితే గట్టున ఆగుతారు, 108 బండి అవతల తారురోడ్డు మీద ఆగుతుంది. అటు సాలూరులో వసతిగృహం పెట్టి, నెలలు నిండకముందే గిరిజన గర్భిణుల్ని తెచ్చి ఉంచారు. మంచి ఏర్పాటే. ఇలాంటివి ప్రతి కొండ కిందా పెడితే డోలీ ఫోటోలు ఎక్కడ దొరుకుతాయి పేపర్లవాళ్లకు?

మా చెల్లెలి కూతురికి ఇప్పుడు ఎనిమిదో నెల. మొన్న ఆస్పత్రికి వెళ్లి, "ఇక్కడ నూటికి ఎన్ని ఆపరేషన్లు చేస్తారు? నొప్పుల్లో నడవనిస్తారా? మా అమ్మను దగ్గర ఉండనిస్తారా?" అని కౌంటర్ దగ్గరే నిలబడి అడిగిందట. వాళ్లు కంప్యూటర్ వంక చూసి, రేపు చెబుతామన్నారట. ఈ పిల్ల పక్కనున్న మరో ముగ్గురు గర్భిణులకు కూడా ఆ ప్రశ్నలు రాసిచ్చి వచ్చింది. మీ ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే ముందే కాగితం, కలం దాచేయండి.