గెలుపులు వాపసు!

మొత్తానికి అమెరికా కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ వారు పెద్దమనసు చేసుకున్నారు. 2012లో పెన్ స్టేట్ యూనివర్సిటీ నుంచి జప్తు చేసిన 112 అమెరికన్ ఫుట్‌బాల్ గెలుపుల్నీ 2015 జనవరిలో ఒక శుక్రవారం వాపసిచ్చేశారు. అందులో 111 కోచ్ జో పటర్నోవి. ఆయన లెక్క 298 నుంచి మళ్లీ 409కి ఎగబాకింది. అప్పటికి మనిషి పోయి మూడేళ్లు కావొచ్చింది. పోయాక లాక్కున్నారు, పోయాకే ఇచ్చారు. ఇచ్చినట్టు రసీదు మీద ఎవరు సంతకం పెట్టారో మరి.

తెలియక అడుగుతాను, ఆ రెండున్నరేళ్లూ ఆ గెలుపుల్ని ఎక్కడ దాచారు? ఇండియానాపోలిస్ ఆఫీసు బీరువాలోనా? కలరా ఉండలేశారా, లేక చెదలు పట్టాయా? ఇన్నాళ్లు అట్టిపెట్టుకున్నందుకు వడ్డీ కింద ఓ రెండు గెలుపులైనా కలపొద్దూ?

జప్తు రూలు ఇంకా చిత్రం. గెలిచినవాడి గెలుపు చెరిపేస్తారు, ఓడినవాడి ఓటమిని మాత్రం భద్రంగా ఉంచుతారు. 2011 అక్టోబరు 29న, మంచు కురిసిన రోజు, ఇలినాయ్ జట్టు ఆఖరి తన్ను గోలు స్తంభానికి ఠంగున తగిలి 10-7తో ఓడిపోయింది. పటర్నో 409వ గెలుపు అదే. జప్తయ్యాక ఇలినాయ్ కుర్రాళ్లు ఎవరి చేతిలోనూ ఓడకుండానే ఓడినవాళ్లుగా తిరిగారు. వాపసుతో ఓడించినవాడు దొరికాడు, సంతోషం. మరి ఆ రోజు స్టేడియంలో కొట్టిన చప్పట్ల సంగతి? పాతవే చెల్లుతాయా, జనం మళ్లీ వచ్చి కొట్టాలా? సర్క్యులర్ రావాలి.

పాపం, ఫ్లోరిడా స్టేట్ పాత కోచ్ బాబీ బౌడెన్. పటర్నో లెక్క తగ్గగానే 377 గెలుపులతో పెద్ద జట్ల కోచుల్లో ఈయనే మొదటివాడయ్యాడు. వాపసుతో రాత్రికి రాత్రి రెండోవాడయ్యాడు. ఈయనవీ 12 గెలుపులు అప్పటికే అదే బీరువాలో మగ్గుతుండేవి, ఆటగాళ్లు పరీక్షల్లో కాపీ కొట్టినందుకు. విడిపించుకోవాలంటే ఓ సెనేటర్ని పట్టుకోవాల్సింది. పెన్ స్టేట్‌కి కలిసొచ్చింది అలాగే. జప్తుతో పాటు వేసిన 60 మిలియన్ డాలర్ల జరిమానా సొమ్ము మా రాష్ట్రంలోనే ఖర్చుపెట్టాలని పెన్సిల్వేనియా రాష్ట్ర సెనేటర్ దావా వేశాడు. రాజీలో సొమ్ము రాష్ట్రంలోనే ఉండిపోయింది, గెలుపులు కొసరుగా వచ్చాయి.

ఇక నవ్వలేను. ఆ జప్తు పిల్లల మీద జరిగిన నేరాల వ్యవహారంలో వేసిన శిక్ష. చెరపడం 1998 నుంచే ఎందుకు మొదలుపెట్టారు? ఆ ఏడాది ఒక తల్లి, పటర్నో అసిస్టెంట్ కోచ్ జెర్రీ సాండస్కీ తన కొడుకుతో కలిసి స్నానం చేశాడని పోలీసులకు చెప్పింది. కేసు పెట్టలేదు. 2001లో, అప్పటికే రిటైరైన అదే సాండస్కీని ఫుట్‌బాల్ భవనం షవర్లలో ఇంకో పిల్లాడితో చూసిన కుర్ర సహాయకుడు తెల్లారగానే వెళ్లి పటర్నోకి చెప్పాడు. ఆయన పైవాళ్లకి చెప్పాడు. వాళ్లు ఇంకా పైవాళ్లకి. పోలీసులకి మాత్రం ఒక్కరూ చెప్పలేదు. సాండస్కీ దగ్గర భవనం తాళాలు అలాగే ఉన్నాయి. చివరికి 2012లో కోర్టులో రుజువైనవి 45 నేరాలు, 10 మంది పిల్లల మీద.

యూనివర్సిటీ మాజీ అధ్యక్షుడితో సహా ముగ్గురు పెద్దల కేసులు గెలుపులు వాపసిచ్చేనాటికి ఇంకా విచారణకే రాలేదు. స్కోరు సరిచేయడానికి మాత్రం అంత తొందరొచ్చింది! 1998 అని తేదీ వేయడమంటే, అప్పట్నుంచే మీకు తెలిసుండాలి అని ముఖం మీద చెప్పడం. ఆ 112 గెలుపుల శిక్షలో కాస్తో కూస్తో అర్థమున్నది ఆ తేదీ ఒక్కటే. ఆ శుక్రవారం కొట్టేసింది దాన్నే.