సచిన్‌కు వచ్చిన నొప్పి

పులివెందులలో ఒక ఎముకల డాక్టరు గది. కార్తీక సోమవారమైనా బెంచీలన్నీ నిండిపోయాయి. నేను పోయింది నా మెడనొప్పికి. దాని సంగతి ఇక్కడ అక్కర్లేదు.

వేముల పక్క నుంచి ఒక రైతు తన జీపులో ఒక కూలామెను తీసుకొచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయేమో ఆమెకు. చీటీ ఆయనే రాయించాడు, ఫీజు ఆయనే కట్టాడు, ఫ్యాను కింద కూర్చున్న కుర్రోణ్ణి లేపి ఆమెను కూర్చోబెట్టాడు. సోడా తెప్పించి మూత కూడా తనే తీసిచ్చాడు, ఆమె చేత్తో తీసుకోలేదని. నా పక్కనున్న ముసలాయన ఉండబట్టలేక, “ఈ కాలంలో కూలోళ్లను ఇట్ల చూసుకునేటోళ్లు యాడున్నారప్పా!” అన్నాడు. రైతు కొంచెం సిగ్గుపడి, “మా ఇంటి మనిషే తాతా. ఇరవై మంది ఆడోళ్లు ఈమె మాట మీదనే పనికొచ్చేది” అన్నాడు.

పేపర్లో వేముల పేరు కనిపిస్తే అది తుమ్మలపల్లె యురేనియం గని గురించే అయ్యుంటుంది. రైతుకు మాత్రం ఈ నెలలో శెనక్కాయ తప్ప వేరే ధ్యాస ఉండదు. నేలలో తడి ఉండగానే చెట్టు పెరకాలి. ఆరి గట్టిపడితే చెట్టు చేతికొస్తుంది, కాయ మట్టిలో ఉండిపోతుంది.

డాక్టరు ముగ్గురు ముగ్గుర్ని కలిపి లోపలికి పిలుస్తాడు. అందుకే ఇదంతా నాకు వినపడింది.

“ఏమ్మా, యాడ నొప్పి?”

“ఈ మోచేయి సార్. చెంబెత్తితే నొచ్చాంది. కోక పిండలేకుండా ఉండాను. రాత్రి పక్క తిరిగితే మెలకువొచ్చాంది.”

“వేళ్లకు తిమ్మిరెక్కుతాదా?”

“లేదు సార్.”

“తిమ్మిరెక్కితే మెడ నుంచి వచ్చేది, ఆ సార్ మాదిరి” అని నా వైపు చూపించాడు. ఆమె చెయ్యి చాపించి, మోచేతి బయటి వైపు గుబ్బ మీద బొటనవేలితో నొక్కాడు. వేలు మోచేతి మీద, చూపు ఆమె ముఖం మీద. ఆమె పెదవి కొరుక్కుంది. నేను కూర్చున్న వైపు నుంచి ఆ గుబ్బ మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ కనిపించింది. పొయ్యి దగ్గర కాలిందేమో అనుకున్నా.

తర్వాత అరచేయి కిందికి పెట్టించి నడిమి వేలొక్కటే పైకెత్తమన్నాడు, తాను దాన్ని కిందికి అదుముతూ. “అబ్బా!” అంది. ప్లాస్టిక్ కుర్చీని అరచేయి నేల వైపు ఉంచి పట్టుకొని ఎత్తమన్నాడు. కుర్చీ లేవలేదు.

“ఎక్స్‌రే అక్కర్లేదు. టెన్నిస్ ఎల్బో” అన్నాడు డాక్టరు.

రైతు ముఖం వెలిగిపోయింది. “సచిన్‌కు వచ్చిండె, అదేనా సార్?”

“అదే. టెన్నిస్ ఆడేవాళ్లకంటే పిడికిలి బిగించి పని చేసేవాళ్లకే ఎక్కువగా వస్తాది. మణికట్టును పైకి లేపే కండ ఈ గుబ్బకు అతుక్కొని ఉంటాది. లాగి లాగి ఆ అతుకే దెబ్బ తింటాది. సచిన్‌కు 2005 మే నెలలో లండన్‌లో ఆపరేషన్ చేసినారు. మళ్లా ఇండియాకు ఆడింది అక్టోబర్లో, నాగపూర్‌లో. వచ్చీరాగానే తొంభైమూడు కొట్టినాడు.”

రైతు తొంభైమూడు దగ్గర తల ఊపాడు. ఆమె మాత్రం, “ఆ అయిదు నెలలు ఆయప్పకు కూలి ఎవరిచ్చిరి సార్?” అనడిగింది.

డాక్టరు గొంతు సవరించుకొని వైద్యంలోకి దిగాడు. ఆపరేషన్ అందరికీ అవసరం లేదు, నూటికి ఎనభై మందికి పైగా ఏడాది తిరిగే లోపల దానంతటదే నయమవుతుంది. పెరకడం, పిండడం కొన్నాళ్లు మానాలి. ఏదెత్తినా అరచేయి పైకుండాలి, మోచేయి ఒంటికి దగ్గరగా ఉండాలి. మోచేతికి రెండు వేళ్ల కింద పట్టీ కట్టుకోవాలి. అరచేయి కిందికుండేట్టు ముంజేయి బల్ల మీద ఆనించి, మణికట్టు అంచు బయటికి పెట్టి, అర లీటరు నీళ్ల బాటిలు పట్టుకోవాలి. రెండో చేత్తో దాన్ని పైకి లేపి, నొప్పిచెయ్యి ఒక్కదానితోనే మెల్లగా దించాలి. రోజూ, మూడు నెలలు.

“మూడు నెలలా!” అన్నాడు రైతు. “సూది ఒకటుందంట గదా సార్?”

“స్టెరాయిడ్ సూది. ఉంది. వారంలో నొప్పి గుంజేస్తాది. ఆరు వారాలు బాగుంటాది. ఆ తర్వాతనే చిక్కు. ఆస్ట్రేలియాలో 198 మంది మీద పరీక్ష చేసి 2006లో అచ్చేసినారు. సూదితో బాగయినోళ్లు అరవై అయిదు మంది, వాళ్లల్లో నలభై ఏడు మందికి నొప్పి తిరగబెట్టింది. ఏడాదికి చూస్తే సూది వేసుకున్నోళ్లకంటే ఊరికే ఉన్నోళ్లే మేలు. నన్నడిగితే వద్దంటా.”

రైతు వేళ్లు ముడిచి లెక్క పెట్టుకున్నాడు.

“ఆరు వారాలు కరారుగా ఉంటాది గదా సార్?”

“దాదాపు.”

“అయితే ఏసెయ్యండి. మా కాయ నెలకంతా ఇంటికొచ్చాది.”

డాక్టరు కాసేపు ఆయన్నే చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. “ఏమ్మా, నువ్వేమంటావు?”

ఆమె ఏమీ అనలేదు. రవిక చెయ్యి పైకి మడుచుకొని, ఎవరూ చెప్పకుండానే మోచేయి మడిచి బల్ల మీద సరిగ్గా పెట్టింది. ఎట్ల పెట్టాలో తెలిసిన మనిషి పెట్టినట్టే పెట్టింది.

డాక్టరు దూది స్పిరిట్‌లో ముంచి, దీపం దగ్గరికి లాక్కొని, గుబ్బ మీద తుడవబోయి ఆగిపోయాడు. ఆ తెల్లమచ్చ ఆయన కళ్లబడింది. పక్కనే చర్మం కొద్దిగా గుంటపడి పలచనై ఉంది.

“ఇది సూది మచ్చ. ముందే ఏసుకున్నావా నువ్వు?”

“పోయినేడు సార్. అరటి తోట అన్న ఏపిచ్చినాడు” అంది ఆమె. పక్కనున్న రైతు ఎక్కడ చిన్నబుచ్చుకుంటాడో అని చప్పున అందుకుంది: “ఆయప్ప గూడా మంచోడే సార్. జీపులోనే తీస్కచ్చినాడు.”