సకుటుంబ విమర్శకుడు

చలనచిత్రములను చూచువారు మన దేశమున లక్షల కొలదిగా నున్నారు గాని, చూచినదానిని గూర్చి తీర్పు చెప్పుటయే పరమప్రయోజనముగా టికెట్టు కొనువారు వేరొక జాతి. వారు పత్రికలకు వ్రాయరు, వ్రాయుమని వారిని ఎవరును అడుగరు. అయినను వారి అభిప్రాయము వెలువడువరకు వీధిలో ఏ గృహస్థుడును ఆలుబిడ్డలను వెంటబెట్టుకొని హాలువంక అడుగు వేయడు. మా వీధికి ఇట్టి ప్రమాణపురుషు డొకడు కలడు. పురపాలక సంఘమున ఇంటిపన్ను గుమాస్తా.

1951 మార్చిలో విజయావారి 'పాతాళభైరవి' విడుదలయినప్పుడు ఆయన మాకందరికంటె ముందుగా చూచివచ్చి, మరునాటి ఉదయమున అరుగుపై వేపపుల్ల నములుచు కూర్చుండెను. "ఏమండీ, పిల్లలతో చూడవచ్చునా?" అని అడిగితిని. ఆ ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానము చెప్పిన విమర్శకుడు ఇంతవరకు పుట్టలేదు. ఆయన పుల్లను నోటినుండి తీసి, ఆకాశమువంక చూచి, "ఫరవాలేదు. అయితే కొన్ని సందేహాలున్నాయి" అనెను.

తోటమాలి కొడుకు రాముడు ఉజ్జయినీ రాజకుమారిని వలచుట, నేపాళమాంత్రికుడు అతనిని బలియిచ్చుటకై గుహకు కొనిపోవుట, మొసలి అప్సరసయై ఆ గుట్టు చెప్పుట, మాంత్రికుని తలయే దేవికి బలియగుట, కోరినదెల్ల నొసగు ప్రతిమ రాముని చేతికి వచ్చుట – వీనిలో ఏ యొక్కదానియందును ఆయనకు అనుమానము లేదు. మొసలి సంగతి నేనే కొంచెము సంశయింపగా, "శాపం కదండీ!" అని నాకు సర్దిచెప్పెను. తెగిన తలను శిష్యుడు సదాజపుడు సంజీవనితో అతికించి గురువును లేపుటయు ఆయనకు సహజముగనే తోచెను. మనస్సును నొప్పించినది ఆ ప్రతిమ మహిమచే రామునికి లేచిన మేడ.

"క్షణంలో లేచిందండీ! ప్లాను లేదు, అనుమతి లేదు, అద్దెవిలువ కట్టే నాథుడు లేడు. పోనీలే అనుకుంటే, ఆ మాంత్రికుడు దాన్ని పునాదులతో సహా ఎగరేసుకుపోయాడు. మరి ఆ అర్ధసంవత్సరం పన్ను ఎవరి పేర రాయాలి?"

నేను నిరుత్తరుడనైతిని. పింగళి నాగేంద్రరావుగారు కథను అల్లునప్పుడు గాని, కె.వి. రెడ్డిగారు దానిని తీయునప్పుడు గాని ఈ చిక్కును యోచించినట్లు కనబడదు.

ఛాయాగ్రహణమున మార్కస్ బార్ట్లే చూపిన వెన్నెలను ఆయన మెచ్చుకొనెను. కాని అది దీపముల కాంతి యని ఎంత చెప్పినను నమ్మక, పున్నమి వచ్చువరకు కంపెనీవారు పనివాండ్రకు ఊరక జీతములిచ్చి కూర్చుండబెట్టిరని నిట్టూర్చెను. రాముని వేషము వేసిన రామారావును "కుర్రవాడు పైకొస్తాడు" అని దీవించెను. మాంత్రికుని వేషము వేసిన రంగారావును మాత్రము ఏమియు అనలేదు. ఏమనగలడు? ఆ మాంత్రికుడు మాటను ముందు నాలుకపై రుచిచూచి పిమ్మట పలుకును. హాలులో వానిని అసహ్యించుకొన్నవారందరును వెలుపలికి వచ్చి వానివలెనే నడచిరి. మా గుమాస్తాగారు కచేరీలో బంట్రోతును "డింభకా" అని పిలిచి మాటపడినట్లు వినికిడి. రాముని చెలికాడు అంజి మాయమాటలు చెప్పి మాంత్రికుని గడ్డము తీయించి, దానితో వాని శక్తినంతటిని ఊడ్చివేయు ఘట్టమున, పక్క బెంచీనుండి నేను చూచితిని, ఆయన చేయి తన మీసముపైకి పోయి, దృశ్యము మారువరకు అక్కడనే యుండెను.

తుదకు తీర్పు ఇట్లు వెలువడినది: "మా అత్తగారు నిద్రపోలేదు, మా ఆవిడ కొత్తచీర మాటెత్తలేదు, పిల్లలు మంచినీళ్లడగలేదు. సకుటుంబంగా చూడవచ్చు. నాకైతే ఇలాంటివి పట్టవు. పిల్లల సినిమా!"

అట్లు శాసించిన పిమ్మట ఆయనకు పిల్లలే శరణ్యమైరి. తన సంతానము చూచి చూచి విసిగి, ఎక్కములే మేలని పలకలు పట్టుకొనగా, ఒక సాయంకాలము ఇస్త్రీచొక్కాతో మా గుమ్మమున నిలిచి, "మీ వాడు ముచ్చటపడుతున్నాడట, పంపండి, నేను తీసుకెళతాను" అనెను. మా వానికి అప్పటికి మూడవయేడు; వాడు ముచ్చటపడిన సంగతి మాకు తెలియదు. పొద్దుపోయిన పిమ్మట, హాలులో నిద్రించినవానిని నిద్రించినట్లే భుజమున వేసికొని తెచ్చి, పక్కపై పరుండబెట్టుచు, "మీవాడికి మొసలి భాగం తెగ నచ్చిందండీ, రేపు మళ్లీ పేచీ పెట్టినా పెడతాడు" అని చెప్పి, చెప్పులు వేసికొనెను.